యాలకుల డబ్బా మీది గ్వాటెమాలా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల మధ్య అమెరికా పటం వేసి, అందులో ఏ దేశం గురించి వివరంగా తెలుసుకోవాలనుందో రాయమని అడిగాం. విజయవాడ, గుంటూరు పాఠకుల ఉత్తరాల్లో ఎక్కువ భాగం గ్వాటెమాలా గురించే వచ్చాయి. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్ర: మస్కట్ నుంచి వచ్చిన చుట్టాలు తెచ్చిన యాలకుల డబ్బా మీద ‘గ్వాటెమాలా’ అని ఉంది. యాలక్కాయ మన కేరళ పంట కదండీ, అంత దూరం ఎలా పోయింది? – కిరాణా వ్యాపారి, వన్ టౌన్, విజయవాడ

జ: యాలక్కాయ పుట్టిల్లు మన పడమటి కనుమలే. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆస్కార్ మాయుస్ క్లోఫర్ అనే జర్మన్ కాఫీ తోటల యజమాని గ్వాటెమాలా ఉత్తర భాగంలోని ఆల్టా వెరాపాజ్‌లో, కోబాన్ పట్నం దగ్గర ఈ మొక్క నాటించాడు. ఎప్పుడూ మంచు కమ్ముకుని ఉండే ఆ తడి కొండలు దానికి బాగా సరిపోయాయి. ఇవాళ ప్రపంచంలో యాలకులు అందరికంటే ఎక్కువగా ఎగుమతి చేసేది గ్వాటెమాలాయే. సరుకులో పెద్ద భాగం సౌదీ, గల్ఫ్ దేశాల కాఫీ గిన్నెల్లోకి పోతుంది. పండించినవాళ్ల వంటింట్లో మాత్రం యాలక్కాయ కనిపించదు. అక్కడి వంటకాల్లో దానికి చోటే లేదు.

పండించేది ఎక్కువగా కెక్చీ అనే మాయా జాతి చిన్న రైతులు. ఐదు కిలోల పచ్చికాయ ఆరబెడితే కిలో ఎండుకాయ వస్తుంది. కోసిన కాయను వెంటనే కట్టెల డ్రయ్యర్‌లో ఆరబెట్టాలి. ఆలస్యమైతే పులిసి ఆకుపచ్చదనం పోతుంది, రంగు పోతే ధరా పోతుంది. డ్రయ్యర్ లేని రైతు కోసిన రోజునే దళారికి పచ్చికాయ అమ్మేయక తప్పదు. ఆ దళారిని అక్కడ ‘కొయోటె’ అంటారు, అంటే గుంటనక్క లాంటి జంతువు పేరు. దీనికి తోడు పదేళ్లకు పైగా తామర పురుగు పీడిస్తోంది. మన మిరప చేలను పట్టిన నల్ల తామర పురుగు వేరు, ఇది వేరు. కాయ తొక్క మీద గజ్జిలా మచ్చలు పెట్టి గ్రేడు దించేస్తుంది.

ప్ర: మాయా నాగరికత క్రీ.శ. 900 నాటికి అంతరించిందని చదివాను. మరి ఇప్పుడు మాయా ప్రజలంటున్నది ఎవరిని? – డిగ్రీ విద్యార్థిని, గుణదల

జ: ‘అంతరించింది’ అన్న మాటతోనే పేచీ. 9వ శతాబ్దంలో ఖాళీ అయినవి దక్షిణ పల్లపు అడవుల్లోని నగరాలు. వాటిలో ఒకటైన టికాల్‌లో తేదీ చెక్కిన చివరి రాతి స్తంభం 869 నాటిది. కరువులు, రాజ్యాల మధ్య ఎడతెగని యుద్ధాలు, కుంగిపోయిన సేద్యం కలిసి ఆ నగరాలను దెబ్బతీశాయి. జనం వేరే చోట్లకు తరలారు. అమరావతి స్తూపం దిబ్బయిపోయినంత మాత్రాన కృష్ణ ఒడ్డున మనుషులు లేకుండా పోలేదు కదా, ఇదీ అంతే.

1524లో పేద్రో దె అల్వరాదో స్పెయిన్ సేనలతో వచ్చేనాటికి కొండ ప్రాంతంలో కిచే, కక్చికెల్ అనే మాయా రాజ్యాలు బలంగా ఉన్నాయి. ఆ రెండింటి పగను వాడుకునే అతను గెలిచాడు. ఉత్తరాన పేతెన్ సరస్సు మధ్య దీవిలో ఉన్న ఇత్సా రాజ్యం 1697 వరకు లొంగలేదు. అంటే చివరి మాయా రాజ్యం పడిపోయేనాటికి మన దగ్గర ఔరంగజేబు గోల్కొండను పట్టుకుని పదేళ్లయింది.

2018 జనగణనలో తాము మాయా అని చెప్పుకున్నవారు జనాభాలో 41.7 శాతం. 22 మాయా భాషలున్నాయి. ఇవి యాసలు కావు, తెలుగు, తమిళం, గోండి ఒకే కుటుంబానివైనా వేర్వేరు భాషలైనట్టే. కిచే మాట్లాడేవారికి కెక్చీ అర్థం కాదు. వీటికి తోడు మాయా కుటుంబానికి చెందని షింకా, గరీఫునా భాషలు కూడా ఉన్నాయి. 2003 నాటి జాతీయ భాషల చట్టం వీటన్నిటినీ గుర్తించింది. ఆచరణలో కోర్టు, ఆసుపత్రి, పోలీసు స్టేషన్ ఇప్పటికీ ఎక్కువగా స్పానిష్‌లోనే నడుస్తాయి. స్పానిష్ రాని తల్లి జబ్బు పిల్లను తీసుకుని జిల్లా ఆసుపత్రికి పోతే ఆ చట్టం విలువెంతో అక్కడ తేలుతుంది.

ప్ర: అరటి పళ్ల కంపెనీ ఒకటి గ్వాటెమాలా ప్రభుత్వాన్ని కూల్చిందంటారు. నిజమెంత? ఆ భూసంస్కరణ చట్టంలో అసలేముంది? – అరటి రైతు, గుంటూరు జిల్లా

జ: కూల్చింది అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ. అందుకు ఒత్తిడి తెచ్చినవారిలో యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ ముందుంది.

1944 దాకా అక్కడ నడిచింది, మన భాషలో చెప్పాలంటే, వెట్టి. ఉబికో అనే నియంత 1934లో తెచ్చిన చట్టం ప్రకారం చాలినంత సొంత సేద్యం లేనివాడు ఏడాదికి 100 నుంచి 150 రోజులు ఎవరి తోటలోనో పనిచేసి తీరాలి. ఎన్ని రోజులు చేశాడో రాసిన చిన్న పుస్తకం జేబులో పెట్టుకు తిరగాలి. అది లేకుండా దొరికితే జైలు. 1944లో జనం తిరగబడటంతో ఉబికో దిగిపోయాడు. తర్వాత ఎన్నికైన హువాన్ హోసె అరేవలో వెట్టిని రద్దుచేసి కార్మిక చట్టం తెచ్చాడు. ఆయన వెనుక వచ్చిన హకోబో అర్బెంజ్ నేల జోలికి వెళ్లాడు.

1952 జూన్ 17 నాటి ఆ చట్టాన్ని ‘డిక్రీ 900’ అంటారు. 90 హెక్టార్ల లోపు, అంటే సుమారు 222 ఎకరాల లోపు కమతాన్ని అసలు ముట్టుకోరు. 90 నుంచి 270 హెక్టార్ల మధ్య ఉంటే, మూడింట రెండు వంతులు సాగులో ఉన్నంతవరకు దానికీ మినహాయింపే. అంతకు మించిన కమతాల్లోనూ తీసుకునేది బీడు భూమినే. మన 1973 భూపరిమితి చట్టంలో మాగాణికి హద్దు 10 నుంచి 27 ఎకరాలని గుర్తుచేసుకుంటే, డిక్రీ 900 ఎంత మెత్తని చట్టమో తెలుస్తుంది. దాన్ని కమ్యూనిజం అన్నవాళ్లు చట్టం చదవనైనా చదివి ఉండరు, లేదా చదివి కూడా దాచి ఉంటారు.

పరిహారం దగ్గర అసలు గొడవ మొదలైంది. యజమాని పన్ను కోసం తన భూమికి ఎంత విలువ చూపాడో అంతే ఇస్తారు, అదీ 3 శాతం వడ్డీతో 25 ఏళ్ల బాండ్ల రూపంలో. పన్ను ఎగ్గొట్టడానికి ఏళ్ల తరబడి విలువ తక్కువ రాసిన కంపెనీ ఆ లెక్కకే చిక్కింది. ప్రభుత్వం మొదట కట్టిన విలువ సుమారు 6 లక్షల 27 వేల డాలర్లు. కంపెనీ పక్షాన అమెరికా విదేశాంగ శాఖ 1954లో అడిగింది 1 కోటి 58 లక్షల పైచిలుకు.

అంత నేల బీడు పెట్టుకోవడానికి కంపెనీ చెప్పిన కారణం మీకు తెలిసిందే, పనామా తెగులు. మన అమృతపాణిని ఎండబెట్టే తెగులే అప్పటి గ్రోస్ మిషెల్ రకాన్నీ తినేసేది. తెగులు పట్టిన తోట వదిలి కొత్త నేలకు పోవాలని వాళ్ల వాదన. శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది కాబట్టి ఆ వాదన పూర్తిగా అబద్ధం కాదు. కానీ పక్కనే నేల లేని కూలీలు లక్షల్లో ఉండగా అన్ని లక్షల ఎకరాలను ‘ముందుజాగ్రత్త’ పేరుతో పట్టి ఉంచడం అన్యాయం.

అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్, సీఐఏ అధిపతి అలెన్ డల్లెస్ అన్నదమ్ములు. ఇద్దరూ అంతకుముందు పనిచేసిన న్యాయవాద సంస్థకు ఈ కంపెనీ క్లయింటు. 1954 జూన్ 18న సీఐఏ తయారుచేసిన చిన్న దండుతో, దేశం విడిచిపోయిన మాజీ సైనికాధికారి కాస్తియో అర్మాస్ సరిహద్దు దాటాడు. ఆ దండు గెలిచిందని కాదు, అమెరికాయే దిగుతుందన్న భయంతో సొంత సైన్యం చేతులెత్తేసింది. జూన్ 27న అర్బెంజ్ రాజీనామా చేశాడు. అప్పటికి లక్ష కుటుంబాల దాకా నేల అందుకున్నాయి. కొత్త ప్రభుత్వం దాదాపు అదంతా వెనక్కి లాక్కుంది, చదువురాని వారి ఓటు కూడా తీసేసింది.

అర్బెంజ్ పక్షాన ఒక లోపం ఉంది. భూమి తగాదాల్లో కోర్టుకు పోయే దారి ఆ చట్టంలో లేదు, చివరి మాట అధ్యక్షుడిదే. 1953లో సుప్రీంకోర్టు ఒక భూస్వామి పిటిషన్ తీసుకుంటే, ఆ న్యాయమూర్తులనే కాంగ్రెస్ తొలగించింది. ప్రత్యర్థుల చేతికి ఆయుధం ఇచ్చిన పని అది.

ప్ర: అంతర్యుద్ధంలో జరిగింది నరమేధమని ఎవరు తేల్చారు? ఎవరికైనా శిక్ష పడిందా? – న్యాయవాది, బ్రాడీపేట, గుంటూరు

జ: ప్రభుత్వ సైన్యానికి, వామపక్ష గెరిల్లాలకు మధ్య యుద్ధం 1960 నుంచి 1996 డిసెంబరు 29 నాటి శాంతి ఒప్పందం దాకా సాగింది. ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో ఏర్పడిన సత్య నిర్ధారణ సంఘం 1999 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. చనిపోయినవారు, ఆచూకీ లేకుండా పోయినవారు కలిపి 2 లక్షలకు పైనేనని అంచనా. గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయాలు. ఉల్లంఘనల్లో 93 శాతం ప్రభుత్వ బలగాలు, వాటి అనుబంధ దళాలవి, 3 శాతం గెరిల్లాలవి. రాజ్యం మాయా సమూహాలపై ‘నరమేధ చర్యలకు’ పాల్పడిందని ఆ సంఘమే రాసింది. అంతకు ఏడాది ముందు చర్చి తరఫున ఇలాంటి నివేదికే వెలువరించిన బిషప్ హువాన్ హెరార్దీని, రెండు రోజులు తిరక్కుండానే, 1998 ఏప్రిల్ 26న చంపేశారు.

ఒక్క చోటు దగ్గరగా చూడండి. చిషోయ్ నది మీద జలవిద్యుత్ ఆనకట్టకు ప్రపంచ బ్యాంకు అప్పిచ్చింది. ముంపులో పడే రియో నేగ్రో ఊరి ఆచీ మాయాలు చూపిన చోటికి పోబోమన్నారు. 1982 మార్చి 13న సైనికులు, సైన్యం కూడగట్టిన పక్క ఊరి పౌర గస్తీ దళం వచ్చేసరికి ఊళ్లో మగవాళ్లు లేరు. ఆడవాళ్లను, పిల్లలను కొండెక్కించి 70 మంది స్త్రీలను, 107 మంది పిల్లలను చంపారు. పులిచింతల, పోలవరం నిర్వాసితుల గోడు విన్న మనకు ముంపు ఊరంటే ఏమిటో తెలుసు. అక్కడ ఊరు కదలనందుకు ప్రాణాలు తీశారు. పరిహార ఒప్పందం మీద ప్రభుత్వం సంతకం చేసింది 2014లో.

శిక్ష సంగతి. 1982–83లో దేశాన్ని ఏలిన జనరల్ రియోస్ మోంట్‌కు ఇషిల్ మాయాల నరమేధం కేసులో 2013 మే 10న 80 ఏళ్ల శిక్ష పడింది. ఒక దేశపు మాజీ అధినేతకు సొంత దేశపు కోర్టే నరమేధ నేరం కింద శిక్ష వేయడం అదే మొదటిసారి. పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం విచారణ పద్ధతిలో లోపమంటూ ఆ తీర్పు కొట్టేసింది. మళ్లీ విచారణ సాగుతుండగా 2018లో ఆయన చనిపోయాడు. అయినా ఇషిల్ స్త్రీలు కోర్టు బోనులో నిలబడి తమ భాషలో చెప్పిన సాక్ష్యం రికార్డులో ఉంది. దాన్ని ఏ న్యాయస్థానమూ కొట్టేయలేదు.

ప్ర: 2023 ఎన్నికల్లో గెలిచినవారిని గద్దె ఎక్కనివ్వలేదని, మాయాలు రోడ్లు దిగ్బంధించారని విన్నాం. ఏం జరిగింది? – పోటీ పరీక్షల అభ్యర్థి, బెంజి సర్కిల్, విజయవాడ

జ: ముందు పరీక్షకు పనికొచ్చేవి. అధ్యక్షుడి పదవీకాలం నాలుగేళ్లు, జీవితంలో రెండోసారి పోటీ లేదు. కాంగ్రెస్‌కు ఒకే సభ, 160 మంది సభ్యులు. మొదటి విడతలో ఎవరికీ సగం ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో విడత.

2023 జూన్ 25న జరిగిన మొదటి విడతలో ఏ అభ్యర్థికీ రానన్ని ఓట్లు ‘చెల్లని ఓట్ల’కు పడ్డాయి. మామ్ మాయా నాయకురాలు తెల్మా కాబ్రెరాతో సహా పలువురిని ముందే పోటీ నుంచి తప్పించడం అందుకు ఒక కారణం. ఎవరూ ఊహించని రీతిలో సెమియా పార్టీ అభ్యర్థి బెర్నార్దో అరేవలో రెండో స్థానంలోకి వచ్చి, ఆగస్టు 20న సుమారు 58 శాతంతో గెలిచాడు. పైన చెప్పిన, వెట్టి రద్దుచేసిన అరేవలో కుమారుడీయన. మొదటి విడత అయిన కొద్ది రోజులకే ప్రాసిక్యూటర్లు ఆయన పార్టీ రిజిస్ట్రేషన్ మీద కేసు నడిపారు, గెలిచాక ఎన్నికల సంఘంలో చొరబడి ఓట్ల లెక్కల పెట్టెలు పట్టుకుపోయారు.

అక్టోబరు 2న పడమటి కొండల్లోని టోటోనికాపాన్ నుంచి, కిచే మాయాల ‘48 కాంటోన్ల’ పెద్దలు కదిలారు. ఇది పార్టీ కాదు, ఎన్జీవో కాదు. 48 పేటల, పల్లెల ఉమ్మడి పాలన. ఏటా జనం సభలో పేర్లు ఎంచుతారు. ఎంపికైనవారు ఏడాది పాటు జీతం లేకుండా ఊరి పని చేయాలి. నీటి ఊటలు, ఉమ్మడి అడవి, తగాదాలు, దారులు చూసుకుంటారు. ఆ సేవను కిచే భాషలో ‘కాష్ కోల్’ అంటారు, కష్టమోర్చి చేసే పని అని అర్థం. హోదాకు గుర్తు చేతికర్ర. ఇంతమంది ఒక్కమాట మీద రహదారుల మీదికి రావడం ఎలా సాధ్యమైందంటే, వంతులవారీ పని వాళ్లకు ముందే అలవాటు. ఒక్కో పల్లె ఒక్కో రోజు మనుషులను, వంటను పంపుతుంది. రాజధానిలో ప్రాసిక్యూటర్ కార్యాలయం ముందు 106 రోజులు అలాగే కూర్చున్నారు. 2024 జనవరి 15 తెల్లవారుజామున అరేవలో ప్రమాణం చేశాడు.

ఆ ఉద్యమంలో 48 కాంటోన్లకు అధ్యక్షుడిగా ఉన్న లూయిస్ పచేకోను 2025 ఏప్రిల్‌లో ‘ఉగ్రవాదం’ అభియోగం కింద అరెస్టు చేశారు. అరేవలో గెలిచినా ప్రాసిక్యూటర్ల శాఖ ఆయన చేతిలో లేకపోవడం దీనికి మూలం.

ప్ర: అక్కడి స్త్రీలు నడుముకు కట్టుకుని నేసే మగ్గం ఎలా పనిచేస్తుంది? రవిక గుడ్డ ముక్కలుగా ఎందుకు అతుకుతారు? – చేనేత కార్మికుడు, మంగళగిరి

జ: మీ గుంట మగ్గంలో చట్రం చేసే పనిని అక్కడ నేసే మనిషి ఒళ్లే చేస్తుంది. రెండు కర్రల మధ్య పడుగు సాగదీసి ఉంటుంది. పై కర్రను తాడుతో చెట్టుకో స్తంభానికో కడతారు, కింది కర్రకు తగిలించిన తోలు లేదా నార పట్టీ నడుము వెనుక నుంచి వస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే సడలుతుంది. ఒక కర్ర పోగులను రెండు వరుసలుగా విడదీసి ఉంచుతుంది, ఇంకో సన్నని కర్రకు దారం ఉచ్చులతో కట్టిన పోగులు పైకి లేస్తాయి. ఆ సందులో పేక దూర్చి, కత్తిలాంటి చెక్కతో కొడతారు.

మేకుల బల్ల మీద పడుగు పోసేటప్పుడు పోగులు ఒకదాన్నొకటి దాటే ‘ఇంటు’ గుర్తు దగ్గర దారం కట్టకుండా బల్ల నుంచి తీస్తే పడుగంతా చిక్కుపడి పారేయాల్సిందే. కొత్తగా నేర్చుకునేవారి చేతిలో ఎక్కువగా పోయేది ఇక్కడే. తర్వాత గంజి. మీరు బియ్యం గంజి పెట్టినట్టే వాళ్లు మొక్కజొన్న గంజిలో ముంచుతారు, లేకపోతే కర్ర రాపిడికి పోగు నూగెత్తి తెగుతుంది. మూడోది, వాలడంలో నిలకడ. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వాలితే అంచులు లోపలికి గుంజుకుని గుడ్డ నడుములా సన్నబడుతుంది.

చేతులు రెండు వైపులా హాయిగా అందేంత వెడల్పే నేయగలరు, అందుకే ‘విపిల్’ అనే ఆ పైబట్టకు రెండు లేదా మూడు పట్టీలు అతుకుతారు. గుడ్డను కోయరు, నాలుగు వైపులా అంచుతోనే మగ్గం దిగుతుంది. బుటాలు వేళ్లతో అదనపు పేక ఎక్కించి నేసేవి, మన ఉప్పాడ జాందానీకి దగ్గర. నిండు పనితనం ఉన్న విపిల్‌కు నెలలు పడుతుంది. కింద కట్టే ‘కోర్తె’ గుడ్డ వేరు. అది స్పెయిన్‌వాళ్లు తెచ్చిన కాలి మగ్గం మీద, ఎక్కువగా మగవాళ్లు నేస్తారు. దారాన్ని ముడులు కట్టి రంగు ముంచే ‘హాస్పె’ పని అందులో ఉంటుంది, అంటే మన చిటికి పనే. చీరాల తేలియా రుమాళ్లు ఎరిగిన మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మంగళగిరి అంచును పవర్‌లూమ్ మీద దింపి అమ్మితే మీకెంత మంటో అక్కడివారికీ అంతే. విపిల్ డిజైన్లు ఊరి ఉమ్మడి సొత్తని, కంపెనీలు వాటిని అచ్చువేసి అమ్ముకోకుండా చట్టం కావాలని నేత స్త్రీలు కోర్టుకెళ్లారు. 2017లో రాజ్యాంగ న్యాయస్థానం అలాంటి చట్టం చేయమని కాంగ్రెస్‌కు సూచించింది.

ప్ర: అక్కడివాళ్లతో మాట్లాడేటప్పుడు జాగ్రత్తలేమైనా ఉన్నాయా? – ఐటీ ఉద్యోగి, పటమట

జ: ఒక్కటి. ‘ఇండియో’ అనే మాట అక్కడ మాయాలను కించపరిచే తిట్టు. మీరు భారతీయులమని చెప్పాలంటే ‘దె లా ఇందియా’ అనండి. వాళ్లను ‘ఇందీహెన’ అనొచ్చు, అంతకంటే కిచే, కక్చికెల్ అని ఎవరి పేరుతో వాళ్లను పిలిస్తే మంచిది.

ప్ర: మొక్కజొన్నను సున్నం వేసి ఉడికిస్తారట. మన వంటింట్లో చేసుకోవచ్చా? సున్నం ఎందుకు? – గృహిణి, లక్ష్మీపురం, గుంటూరు

జ: చేసుకోవచ్చు. ఎండు గింజలు 1 కిలో, నీళ్లు 3 లీటర్లు, తినే సున్నం పొడి 10 గ్రాములు. తాంబూలం సున్నం ముద్దయితే 20 గ్రాములు, దాంట్లో సగం నీరే ఉంటుంది. వెల్లవేసే సున్నం వద్దు. అల్యూమినియం గిన్నె అసలే వద్దు, సున్నం దాన్ని తింటుంది. స్టీలు గిన్నె వాడండి. స్వీట్‌కార్న్ పనికిరాదు. చేలో పండిన ఎండు గింజ తీసుకోండి. విత్తనం ప్యాకెట్లోది మందు పట్టించింది, దాని జోలికి పోవద్దు. బూజు, నల్లమచ్చ ఉన్న గింజ ఏరేయండి.

నీళ్లలో సున్నం కలిపి గింజలు వేసి, మరిగాక సన్నసెగ మీద 30–40 నిమిషాలు ఉంచండి. గింజను వేళ్ల మధ్య నలిపితే తొక్క జారాలి, కొరికితే నడుమ కాస్త పిండిగా ఉండాలి. దించి మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న పసుపు రంగుకు తిరిగిన ఆ నీళ్లు పారబోసి, రెండు మూడు సార్లు రుద్ది కడగండి. తక్కువ కడిగితే సున్నం వాసన వస్తుంది, మరీ కడిగితే జిగురు పోయి రొట్టె విరుగుతుంది.

ఎక్కువమంది చెడగొట్టేది గ్రైండర్‌లోనే. ఇడ్లీ పిండి అలవాటు కొద్దీ నీళ్లు పోస్తాం, ముద్ద కాస్తా జారైపోతుంది. చెంచాలతో చిలకరించి, చపాతీ ముద్దలా రుబ్బండి. పెద్ద నిమ్మకాయంత ఉండ తీసి జొన్నరొట్టెలా అరచేతుల మధ్య తట్టండి. అంచులు పగిలితే ముద్ద పొడిగా ఉందన్నమాట, చేయి తడిచేసుకోండి. బాగా కాలిన ఇనప పెనం మీద ఒకవైపు అర నిమిషం, తిప్పి ఒక నిమిషం, మళ్లీ తిప్పితే పొంగుతుంది. గుడ్డలో చుట్టి ఉంచితే మెత్తగా ఉంటాయి. కొట్లో దొరికే మొక్కజొన్న పిండితో ఇది రాదు, సున్నం పట్టని పిండి ముద్ద కట్టదు.

సున్నం తొక్కను కరిగించి, గింజలో బంధించి ఉన్న నయాసిన్ అనే బి విటమిన్‌ను ఒంటికి అందేలా చేస్తుంది, కాల్షియమూ చేరుతుంది. యూరప్‌వాళ్లు మొక్కజొన్న తీసుకుపోయారు గాని ఈ పద్ధతి తీసుకుపోలేదు. దాంతో ఇటలీ, స్పెయిన్ పేదల్లో పెలాగ్రా వ్యాపించింది. చర్మం మాడినట్టయి, విరేచనాలు, మతిభ్రమ వచ్చే జబ్బు అది. దక్కనులో జొన్న మీదే బతికేవారిలోనూ ఇది కనిపిస్తే హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులు 1960 ప్రాంతంలో దాని కారణాలు వెతికారు. తరతరాలుగా మొక్కజొన్నే తిన్న మాయాలకు ఆ జబ్బు పట్టకపోవడానికి పొయ్యి మీది ఆ సున్నపు నీళ్లే కారణం.

పారబోసే నీళ్లు మాత్రం కుండీ మొక్కలకు పోయకండి, ఆ క్షారానికి వేళ్లు మాడిపోతాయి.